తెలుగు మీదుగా స్పానిష్

(పి.వి. నరసింహారావు గారి స్మృతిలో కొండగట్టులో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



పి.వి. గారి పేరు మీద ఎక్కడ సభ జరిగినా ఆయనకు ఎన్ని భాషలు వచ్చునన్న లెక్క తప్పకుండా వస్తుంది. ఒకరు పదమూడంటారు, ఇంకొకరు పదిహేడంటారు. ఆ లెక్క తేల్చే పని నాది కాదు. వాటిలో స్పానిష్ ఒకటి కావడమే ఇవాళ నన్ను మీ ముందు నిలబెట్టింది. ఉద్యోగ జీవితమంతా నేను హైదరాబాద్‌లో స్పానిష్ భాష, సాహిత్యం, ఆ ప్రజల సంస్కృతి చెప్పుకుంటూ గడిపాను. లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, 1957 నుంచి 1977 దాకా మంథని ప్రజలకు శాసనసభ్యుడిగా ఉన్న మనిషి ఆ భాష ఎందుకు నేర్చుకున్నట్టు? పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ ప్రశ్న నా వెంటే ఉంది.

విదేశాంగ మంత్రికి దుభాషీలకు కొదవుండదు. 1980 నుంచి 1984 దాకా పి.వి. గారు ఆ శాఖ చూశారు. 1983 మార్చిలో ఢిల్లీలో అలీన దేశాల శిఖరాగ్ర సభ జరిగింది. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్త్రో వచ్చి అధ్యక్ష బాధ్యతను ఇందిరాగాంధీకి అప్పగించారు. అలాంటి సభల్లో ప్రతి మాటా చెవికి పెట్టుకున్న యంత్రంలో అనువాదమై వినబడుతూనే ఉంటుంది. అయినా ఎదుటి మనిషి మాట మధ్యవర్తి నోట వినడం వేరు, అతని నోటనే వినడం వేరు. పి.వి. గారు జీవితమంతా రెండో దారినే నడిచారు. విశ్వనాథ వారి 'వేయిపడగలు'ను హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చినా, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి 'అబల జీవితము'గా తెచ్చినా, ఆ భాష నుంచి ఈ భాషలోకి నేరుగానే తెచ్చారు.

నేను చెప్పదలచుకున్నదీ అదే. తెలుగు పిల్లలు స్పానిష్‌ను తెలుగు మీదుగా నేర్చుకోవాలి. స్పానిష్ సాహిత్యం తెలుగులోకి నేరుగా రావాలి, మన సాహిత్యం అటు నేరుగా పోవాలి. ఇంగ్లిష్ మీద నాకు కోపం లేదు, నా తరం వాళ్ళకు లోకం కనబడింది ఆ కిటికీలోంచే. కానీ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌కూ, 2011 జనగణన ప్రకారం మన దేశంలోనే 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగుకూ మధ్య ప్రతిసారీ మూడో భాష కూర్చోవాల్సిన అగత్యం లేదు.

ఈ కొండ మీద ఈ మాట చెప్పడానికి ఇంకో కారణముంది. ఇక్కడ కొలువైన ఆంజనేయస్వామి నవవ్యాకరణ పండితుడు. సూర్యుడి ఎదుట నడుస్తూ వ్యాకరణం చదువుకున్నవాడు. కిష్కింధలో మొదటిసారి కలిసినప్పుడు రాముడు లక్ష్మణుడితో మెచ్చుకున్నది ఆయన మాటతీరును. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం మాత్రం సుందరకాండలోది. అశోకవనంలో చెట్టు మీద కూర్చుని హనుమంతుడు చాలాసేపు తర్జనభర్జన పడతాడు. సీతమ్మను ఏ భాషలో పలకరించాలి? పండితుడిలా సంస్కృతం మాట్లాడితే ఆమె తనను రావణుడే అనుకుని బెదిరిపోవచ్చు. అందుకని మామూలు మనుషుల మాటలో, ఆమెకు తెలిసిన కథతో మొదలుపెడతాడు. వినేవాళ్ళ భయం పోయే మాటతో మొదలుపెట్టాలన్నది భాషా బోధనలో మొదటి సూత్రం. దాన్ని నేను విద్యాశాస్త్ర గ్రంథాలకన్నా ముందు వాల్మీకి దగ్గర నేర్చుకున్నాను.

మెక్సికో మహాకవి ఒక్తావియో పాజ్‌ను పట్టుకున్నది కూడా ఈ హనుమంతుడే. పాజ్ 1962 నుంచి 1968 దాకా మన దేశంలో మెక్సికో రాయబారి. 1968 అక్టోబర్‌లో మెక్సికో నగరంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగితే నిరసనగా రాయబారి పదవి వదిలేశారు. జైపూర్ దగ్గరి గల్తా అనే పుణ్యక్షేత్రానికి పోయే దారినీ, అక్కడి కోతులనూ, శిథిలాలనూ ఆధారం చేసుకుని ఆయన రాసిన పుస్తకం 'ఎల్ మోనో గ్రమాతికో'. వ్యాకరణవేత్త అయిన వానరుడి పుస్తకం. స్పానిష్‌లో 1974లో వెలువడింది. కవిత్వమో వ్యాసమో తేల్చడం కష్టమైన రచన. ఒకసారి జగిత్యాల వైపు నుంచి వచ్చిన విద్యార్థి హనుమాన్ దీక్షలో ఉండగా ఈ పాఠం వచ్చింది. మెడలో మాల, ఒంటి మీద కాషాయం. మెక్సికో కవి ఆంజనేయుడి మీద పుస్తకం రాశాడని చెబితే నమ్మలేదు. పుస్తకం చేతిలో పెడితే అట్ట మీది పేరు వేలితో కూడబలుక్కుంటూ చదివి, "సార్, ఈయన మన కొండగట్టుకు వచ్చిండా?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. "వస్తే బాగుండు" అని పుస్తకం హాస్టల్‌కు పట్టుకుపోయాడు. అప్పటిదాకా పరీక్ష కోసం చదువుతున్న స్పానిష్ ఆ రోజు నుంచి అతనికి తన సొంత వ్యవహారమైంది.

హైదరాబాద్‌లో విదేశీ భాషల చదువు చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలను కూడా పేరులో చేర్చుకుని అది సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూగా మారింది. తార్నాకలో ఉన్న ఆ ఆవరణలో ఇవాళ స్పానిష్‌లో బి.ఎ. నుంచి పిహెచ్.డి. దాకా చదవొచ్చు. ఢిల్లీలో జె.ఎన్.యు., ఢిల్లీ విశ్వవిద్యాలయం ఈ చదువుకు పెద్ద పీఠాలు. జె.ఎన్.యు.లో శ్యామా ప్రసాద్ గంగూలీ గారు తరాల విద్యార్థులను తయారుచేశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన విభా మౌర్య గారు సెర్వాంతెస్ 'దోన్ కిహోతే'ను స్పానిష్ నుంచి నేరుగా హిందీలోకి తెచ్చారు. ఒక ఆచార్యుని జీవితానికి అంతకన్నా సార్థకత ఏముంటుంది? తెలుగులో ఆ స్థాయి పని జరగాలన్నది నా కోరిక.

ఇక తరగతి గదిలోకి వస్తాను. నేను బాగా ఎరిగిన చోటు అదే.

స్పెయిన్‌లో అచ్చయిన పాఠ్యపుస్తకాలు స్పానిష్‌ను స్పానిష్‌లోనే చెప్పమంటాయి. పట్టుబిగించి అలా చెబితే మంచిదే. కానీ పిల్లవాడికి సందేహం వచ్చినప్పుడు మాస్టారు దాన్ని తీర్చేది ఇంగ్లిష్‌లో. పల్లె బడుల నుంచి వచ్చిన పిల్లలకు అక్కడే చిక్కు. వాళ్ళు స్పానిష్‌కు భయపడరు, స్పానిష్‌ను వివరించే ఇంగ్లిష్‌కు భయపడతారు. కేరళ, బెంగాల్, మణిపూర్ నుంచి వచ్చినవాళ్ళూ అదే గదిలో ఉంటారు గనుక అందరి ముందూ తెలుగులో చెప్పడం కుదరదు. అందుకే తరగతి అయ్యాక చెట్టు కింద తెలుగు పిల్లలను కూర్చోబెట్టి తెలుగులో చెప్పేవాణ్ణి. అక్కడ చూసిన సంగతులు కొన్ని చెబుతాను.

"నాకు కాఫీ నచ్చుతుంది" అనడానికి స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ కఫే' అంటారు. 'మె' అంటే నాకు. కాఫీ కర్త, నచ్చడం దాని పని. ఇంగ్లిష్ మీదుగా వచ్చిన విద్యార్థి 'నేను' అనే కర్తను వెతుక్కుంటూ నెలల తరబడి తప్పులు రాస్తాడు. తెలుగు మీదుగా వచ్చిన పిల్లకు ఇందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఇంట్లో మాట్లాడే వాక్యమే ఇది. 'మె దువేలె లా కబేసా' కూడా అంతే. నాకు తల నొస్తోంది.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. స్పానిష్‌లో 'సెర్', 'ఎస్తార్' అని రెండు క్రియలున్నాయి. రెండింటికీ ఇంగ్లిష్‌లో ఒకటే మాట కావడంతో, ఎప్పుడు ఏది వాడాలో చెప్పడానికి పుస్తకాలు పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి. తెలుగులో చూడండి. "ఆయన డాక్టరు" అంటాం, క్రియ అక్కర్లేదు. "ఆయన ఇంట్లో ఉన్నారు" అంటాం, ఇక్కడ 'ఉన్నారు' కావాలి. మనం క్రియ లేకుండా చెప్పే చోట చాలావరకు స్పానిష్‌వాళ్ళు 'సెర్' వాడతారు, మనం 'ఉండు' వాడే చోట 'ఎస్తార్' వాడతారు. పుస్తకాలు మినహాయింపు అని విడిగా పెట్టేది కూడా మనకు కలిసొస్తుంది. మనిషి ఎక్కడున్నాడో చెప్పడానికి 'ఎస్తార్', పెళ్ళో సభో ఎక్కడో చెప్పడానికి 'సెర్' వాడాలి. మనమూ "పెళ్ళి కరీంనగర్‌లో" అని ఊరుకుంటాం, "పెళ్ళికొడుకు కరీంనగర్‌లో ఉన్నాడు" అంటాం. అన్ని చోట్లా ఇది పొసగదు. "ఇల్లు పెద్దగా ఉంది" అనే చోట వాళ్ళు 'సెర్' వాడతారు. అయినా పునాది పడ్డాక ఆ తేడాలు నేర్పడం తేలిక.

ఉచ్చారణ సంగతి. వాళ్ళకున్నవి ఐదు అచ్చులు, అవి మన నోటికి కొత్త కావు. గొంతులోంచి వచ్చే 'ఖ' లాంటి ధ్వని ఒకటుంది, ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన తెలంగాణ పిల్లలకు అది ఇట్టే పలుకుతుంది. కష్టమల్లా ఊనికతోనే. మాటలో ఊనిక ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి వాళ్ళకు అర్థం మారిపోతుంది. దీనికి నేను తెలుగు లిపినే వాడుకున్నాను. బోర్డు మీద 'ఆబ్లొ' అని రాసేవాణ్ణి, అంటే మాట్లాడతాను. దాని కింద 'అబ్లో' అని రాసేవాణ్ణి, అంటే అతను మాట్లాడాడు. మొదటిదానిలో దీర్ఘం ముందు, రెండోదానిలో వెనక. స్పానిష్‌లో దీర్ఘాలు లేవు గానీ, ఊనిక పడే చోట అచ్చు కాస్త సాగుతుంది. మన పిల్లల కంటికి, చెవికి ఆ తేడా క్షణంలో దొరికేది. రోమన్ అక్షరాల మీద చుక్కలూ గీతలూ పెట్టి వారం రోజులు చెప్పినా ఎక్కనిది ఇలా పది నిమిషాల్లో ఎక్కడం నేను కళ్ళారా చూశాను.

భాషలు నేర్వడం ఈ నేలకు కొత్త కాదు. 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అని మన జిల్లా బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటాం. భీవండి మగ్గాల మీద మరాఠీ, హిందీ నేర్చినవాళ్ళున్నారు. గల్ఫ్‌లో మేస్త్రీ పని చేస్తూ అరబీలో బేరమాడే తండ్రులున్నారు. వాళ్ళెవరూ వ్యాకరణం పుస్తకం చూడలేదు. తండ్రి మస్కట్‌లో అరబీని తెలుగు మీదుగానే నేర్చుకున్నాడు. కొడుకు విశ్వవిద్యాలయంలో స్పానిష్ నేర్చుకోవడానికి ముందు ఇంగ్లిష్‌లో నెగ్గాలనడం ఏం న్యాయం?

సాహిత్యం చెప్పేటప్పుడు ఈ ప్రాంతపు పిల్లల దగ్గర నాకు దక్కిన అనుభవం వేరు. నెరూదా, లోర్కా పేర్లు మన కవులకు ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ళ గురించి ఇక్కడ ఆగను. మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో దగ్గర ఆగుతాను. 1953లో వచ్చిన ఆయన కథల సంపుటిలో, విప్లవం తర్వాత ప్రభుత్వం పేదలకు భూమి పంచిన కథ ఒకటుంది. కొందరు రైతులు ఒక పెద్ద మైదానంలో పొద్దున్నుంచీ నడుస్తుంటారు. బయల్దేరినప్పుడు ఇరవై మందికి పైగా ఉన్నవాళ్ళు ఇప్పుడు నలుగురే మిగిలారు. ఆకాశం నుంచి ఒక్క చినుకు రాలుతుంది. అందరూ తలెత్తి చూస్తారు, ఇంకో చినుకు పడదు. చెట్టు లేదు, గడ్డిపోచ లేదు, నేల రాయిలా గట్టిపడి ఉంది. ప్రభుత్వం వాళ్ళకిచ్చిన భూమి అదే. ఏటి ఒడ్డున ఉన్న మంచి నేల కావాలని అడిగితే, అధికారి కాగితాలు చేతిలో పెట్టి, చెప్పాల్సింది రాసి ఇవ్వండంటాడు. నలుగురిలో ఒకడి కోటు లోపల కోడిపెట్ట ఉంటుంది. ఇంట్లో దానికి గింజలు వేసేవాళ్ళు లేక వెంట తెచ్చుకున్నాడు.

1978 సెప్టెంబర్ 7న రైతుకూలీలు చేసిన జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన కుటుంబాల పిల్లలకు ఈ కథలో వివరించాల్సింది ఏముంటుంది? బీడుభూమి పట్టా అంటే ఏమిటో వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. మాడ్రిడ్‌లో అచ్చయిన నోట్సు ఈ కథలో శైలిని చూడమంటుంది. మా పిల్లలు కోడిపెట్టను చూశారు. ఊరు విడిచి పోయేవాడు కోడిని చంకన పెట్టుకుపోతున్నాడంటే మళ్ళీ ఆ ఇంటికి రాడని అర్థం సార్, అని ఒకమ్మాయి చెప్పింది. రుల్ఫో మీద నేను చదివిన విమర్శల్లో ఆ మాటతో సరితూగేవి తక్కువ. అమ్మాయి అది చెప్పింది తెలుగులో. ఇంగ్లిష్‌లో చెప్పమని ఉంటే చెప్పేదే కాదు.

ఈ కథ చెప్పిన ప్రతిసారీ నేను పక్కన పెట్టుకునేది పి.వి. గారి 'గొల్ల రామవ్వ'. కాకతీయ పత్రికలో 1949లో 'విజయ' అనే కలంపేరుతో అచ్చయింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఒక ముసలమ్మ తన గుడిసెలోకి వచ్చిన యువకుణ్ణి కాపాడే కథ. తెలంగాణ పల్లె మాటను ఆ రోజుల్లోనే కథలో అంత నిండుగా పెట్టడం చిన్న పని కాదు. అదే రచయిత 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణల కోసం పట్టుబట్టారు, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. రుల్ఫో కథలోని అధికారి బల్లకు అవతలా ఇవతలా ఏముంటుందో తెలిసిన తెలుగు రచయిత ఆయన. (చిన్న ముచ్చట: 1924లో అర్జెంటీనాలో టాగోర్‌కు ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపోను కవి పిలుచుకున్న పేరు కూడా విజయే. 'పూరబి' కావ్యాన్ని ఆ పేరుతోనే ఆమెకు అంకితమిచ్చారు.)

టాగోర్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. స్పానిష్ పాఠకులకు టాగోర్‌ను దగ్గర చేసింది సెనోబియా కాంప్రూబి అనే మహాతల్లి. 1915 నుంచి ఆమె ఒక్కొక్క పుస్తకమే అనువదిస్తూ వచ్చింది. ఆమె భర్త, కవి హువాన్ రమోన్ హిమేనెస్ వాటికి మెరుగులు దిద్దారు. ఆయనకు 1956లో నోబెల్ ప్రకటించిన మూడో రోజున ఆమె కన్నుమూసింది. ఎంతో శ్రద్ధ గల పని. కానీ వాళ్ళ ముందున్నది టాగోర్ ఇంగ్లిష్ పాఠం. బెంగాలీ ఛందస్సు, బెంగాలీ నవ్వు ఆ దంపతుల దాకా చేరే దారి అప్పుడు లేదు. ఇప్పుడు మనకు ఆ దారి ఉంది, నడిచేవాళ్ళే కావాలి.

అసలు స్పానిష్ వాళ్ళ మహాగ్రంథమే తనను తాను అనువాదమని చెప్పుకుంటుంది. 'దోన్ కిహోతే' మొదటి భాగం 1605లో, రెండో భాగం 1615లో వచ్చాయి. తొమ్మిదో అధ్యాయంలో కథకుడికి తొలేదో బజారులో పాత కాగితాలు అమ్మే కుర్రాడు కనబడతాడు. కాగితాల మీద ఉన్నది అరబీ. చదివి చెప్పే మనిషిని వెతికి పట్టుకుంటే, అది దోన్ కిహోతే చరిత్ర అని తేలుతుంది. అరబీ నుంచి తర్జుమా చేయడానికి బేరం కుదుర్చుకుంటారు. కూలి ఎండు ద్రాక్ష, గోధుమలు. అనువాదకుణ్ణి కథకుడు తన ఇంట్లోనే పెట్టుకుంటాడు, నెలన్నరలో పని పూర్తవుతుంది. అదంతా కల్పనే. కానీ ఆ కల్పన చేసినవాడు 1575 నుంచి 1580 దాకా అల్జీర్స్‌లో బందీగా ఉండి వచ్చినవాడు. శత్రువుల భాష ఎలా వినబడుతుందో తెలిసినవాడు. అనువాదకుడికి తిండి పెట్టి, ఇంట్లో చోటిచ్చి, కూలి ముట్టజెప్పి పని చేయించుకున్న ఆ పేజీలు మన విశ్వవిద్యాలయాల పెద్దలు చదవాలి.

తెలుగు, స్పానిష్ నేరుగా కలిసే చోటు మన దగ్గర ఒకటుంది. అది అనంతపురం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్ర నుంచి వెళ్ళగొట్టాక 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. 2009లో అక్కడే కన్నుమూశారు. స్పెయిన్‌లో ఎన్నో కుటుంబాలు ఆ కరువు జిల్లాలో ఒక్కో బిడ్డకు ఆసరాగా నిలిచాయి. ఇక్కడి పిల్లలు తెలుగులో ఉత్తరాలు రాస్తారు, అక్కడి నుంచి జవాబులొస్తాయి. వానలు పడ్డాయా, బడికి పోతున్నావా, తమ్ముడు ఎలా ఉన్నాడు అన్న మాటలు. విమర్శకులు వీటిని సాహిత్యం అనరు. కానీ రెండు భాషల మామూలు మనుషులు ఇంతకాలంగా, ఇంత ఓపికగా ఒకరి క్షేమం ఒకరు అడుగుతున్న చోటు నాకు ఇంకొకటి తెలియదు. ఆ ట్రస్టు అనంతపురంలో విదేశీ భాషల పాఠశాల పెట్టి గ్రామీణ యువతకు స్పానిష్ కూడా నేర్పుతోంది. అలాంటిది ఉత్తర తెలంగాణలో ఎందుకు ఉండకూడదు?

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు 4 కోట్లకు పైనే ఉన్నారు. టెక్సాస్‌లో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలు బడిలో రెండో భాషగా స్పానిష్ తీసుకుంటున్నారు. ఉద్యోగాల మాట అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే జవాబు ఇది. అయితే ఉద్యోగం కోసమే అని చెప్పి ఏ పిల్లవాణ్ణీ నేను స్పానిష్‌లో చేర్చుకోలేదు.

పి.వి. గారు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు. ఉన్నత చదువు తెలుగులో సాగాలంటే ముందు పుస్తకాలుండాలని అప్పుడే పట్టుకున్నారు. ఆ మాటనే స్పానిష్‌కు వర్తింపజేసి మూడు పనులు మీ ముందుంచుతున్నాను. మొదటిది, తెలుగువాళ్ళ కోసం తెలుగులో స్పానిష్ వ్యాకరణం. చెట్టు కింద పాఠాల నోటు పుస్తకాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటిని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే ఇద్దరు యువ అధ్యాపకులు కావాలి. రెండోది, 'గొల్ల రామవ్వ' స్పానిష్‌లోకి నేరుగా పోవాలి. రామవ్వ మాట ఇంగ్లిష్‌లో చప్పబడిపోతుంది. మెక్సికో పల్లె ముసలమ్మ మాటలో మాత్రం నిలబడుతుందని నాకు నమ్మకం. మూడోది, 1554లో రచయిత పేరు లేకుండా వచ్చిన 'లాసరీయో దె తోర్మెస్' తెలుగులోకి రావాలి. చిన్న పుస్తకం, హక్కుల తగాదా లేదు. గుడ్డి బిచ్చగాడి చెయ్యి పట్టి నడిపిస్తూ మొదలైన కుర్రాడు యజమానుల దగ్గర ఆకలితో పడ్డ పాట్లు తానే చెప్పుకునే కథ. అందులో ఒక యజమాని తినడానికి ఏమీ లేకపోయినా గుమ్మంలో నిలబడి పళ్ళు కుట్టుకుంటాడు, తిన్నాడని ఊరు అనుకోవాలని. ఆ పేజీ మన పల్లె మాటలో ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎంతో ఆశ.

మూడో పనికి మొదటి అధ్యాయం ముడి అనువాదం నా దగ్గర ఉంది. సభ అయ్యాక అడిగినవాళ్ళకు ప్రతులు ఇస్తాను. మాట మాటకూ మూలంతో పోల్చి, తప్పులు పట్టి, మార్జిన్‌లో రాసి నాకు తిరిగి పంపండి.